కొండకర్ల ఆవ, బొజ్జన్నకొండ, విశాఖ మ్యూజియం: సొంతంగా కారు మాట్లాడుకుని ఒక్క రోజులో చూసి రావడం ఎలా?

విశాఖ నుంచి ఒక్క రోజులో కొండల మధ్య ఒక చెరువు (కొండకర్ల ఆవ), పాతకాలపు బౌద్ధ స్థలం (బొజ్జన్నకొండ), ఊళ్ళోని మ్యూజియం మూడూ చూసి రాగలమా అని చాలామంది అడుగుతున్నారు. చూడొచ్చు. దూరం పెద్ద సమస్య కాదు, ఇల్లు వదిలి మళ్ళీ ఇల్లు చేరేసరికి సుమారు 120 కిలోమీటర్లు అవుతుంది. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది విసిగిపోయి రావడానికి కారణం వరస. తొమ్మిదికి తీరుబడిగా బయల్దేరి, ఎండ నడినెత్తికి వచ్చాక కొండ ఎక్కి, సాయంత్రం చెరువు దగ్గరికి చేరేసరికి పిట్టలూ ఉండవు, ఓపికా ఉండదు.

వరస ఇలా పెట్టుకోండి: తెల్లవారుజామున నీళ్ళు, పొద్దున్నే రాయి, మధ్యాహ్నం నీడపట్టున మ్యూజియం. కింద చెప్పేదంతా ఈ వరసను కాపాడుకోవడం కోసమే.

1. నెల, వారం, రోజు ఎంచుకోవడం

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కొండకర్ల ఆవకు వలస పక్షులు వచ్చేది అప్పుడే. డిసెంబరు, జనవరి అయితే ఇంకా మేలు. తుపాన్ల గండం తగ్గుతుంది, పొద్దున పది దాటినా కొండ మీద నిలబడగలుగుతాం. మార్చి తర్వాత వెళ్ళేవాళ్ళు కొండను వీలైనంత పొద్దున్నే ముగించేలా చూసుకోవాలి. వానాకాలంలో రాతి మెట్లు జారతాయి, పెద్దవాళ్ళుంటే ఆ నెలల్లో వద్దనే చెబుతాను.

వారంలో మామూలు పనిదినం అయితే హాయిగా ఉంటుంది. అందరికీ సెలవు దొరకదు కాబట్టి శనివారం రెండో మాట. ఏ రోజైనా సరే, ముందు మ్యూజియం సెలవు ఏ వారమో కనుక్కుని అప్పుడు తేదీ ఖాయం చేయండి. మ్యూజియాలకు వారానికో రోజు సెలవుంటుంది, పండగలకు వేళలు మారుతుంటాయి. ముందురోజు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: రేపు తెరుస్తారా, ఎన్ని గంటల నుంచి, టికెట్లు ఎప్పటిదాకా ఇస్తారు. మూడోది మర్చిపోవద్దు. మూసే వేళ ఒకటి, టికెట్ ఆపే వేళ ఇంకొకటి.

ఈ రోజులు తప్పించండి:

- కనుమ రోజు. ఆ రోజు బొజ్జన్నకొండకు చుట్టుపక్కల ఊళ్ళ జనం తీర్థంలా తరలివస్తారు. జనాన్ని చూడాలంటే వెళ్ళండి, శిల్పం చూడాలంటే వద్దు.
- కొత్త అమావాస్య, ఆ తర్వాత కొన్నాళ్ళు. అనకాపల్లిలో నూకాంబిక అమ్మవారి జాతర. ఊళ్ళోంచి కారు కదలడమే కష్టం.
- కార్తీకమాసం ఆదివారాలు. నీళ్ళూ చెట్టూ ఉన్న ప్రతిచోటా వనభోజనాల సందడే. మైకుల మోతలో పక్షులు దూరంగా వెళ్ళిపోతాయి.
- బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వచ్చిన ఏ రోజైనా.

2. కారు మాట్లాడుకోవడం

సొంత కారుంటే ఈ భాగం వదిలేయండి. లేనివాళ్ళు ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, డబ్బు దగ్గర గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

ట్రావెల్స్‌వాళ్ళు మామూలుగా చెప్పేది 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ. వినడానికి చవగ్గా ఉంటుంది. కానీ మన రోజు పన్నెండు గంటలు పైనే, దూరం 120. అంటే గంటలూ దాటతాయి, కిలోమీటర్లూ దాటతాయి. చివర్లో అదనపు గంటకు ఇంత, అదనపు కిలోమీటరుకు ఇంత అని లెక్క వేస్తే బిల్లు ఎక్కడికో పోతుంది. అందుకని మొదటే తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా మొత్తం రోజుకు, 120 కిలోమీటర్లకు ధర అడగండి. కొందరు ఊరు దాటితే బయటి ట్రిప్ కింద రోజుకు కనీసం 300 కిలోమీటర్లు లెక్కగడతారు. 120 తిరగడానికి 300కి డబ్బు ఇవ్వక్కర్లేదు. అలా అంటే ఇంకొకరిని అడగండి.

ఇంకో లెక్క: కిలోమీటర్లు ఎక్కడి నుంచి మొదలు? మీ ఇంటి నుంచా, వాళ్ళ షెడ్డు నుంచా? మధురవాడలో ఉన్నవాళ్ళకు గాజువాక నుంచి కారు వస్తే రానూపోనూ ఆ తేడా చిన్నది కాదు. మీ ఇంటి వైపు కారును అడగడం తేలిక.

ఫోన్‌లో ఇలా మాట్లాడితే సరిపోతుంది: "బాబూ, తెల్లారగట్ల నాలుగూ ముప్పావుకి కారు ఇంటి ముందుండాలి. కొండకర్ల ఆవ, శంకరం దగ్గర బొజ్జన్నకొండ, తిరిగొచ్చి బీచ్‌రోడ్డులో మ్యూజియం. సాయంత్రం ఐదున్నర, ఆరుకి వదిలేస్తాం. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా కలిపి ఎంతో చెప్పు. అదే మాట మెసేజ్‌లో పెట్టు." మెసేజ్ వచ్చాకే అడ్వాన్స్ పంపండి.

ముందురోజు రాత్రి డ్రైవర్ నంబరు తీసుకుని మీరే ఒకసారి మాట్లాడండి. అతనికి కొండకర్ల దారి తెలుసా అని అడగండి. అంతకంటే ముఖ్యంగా, ఆ రాత్రి వేరే ట్రిప్ ఉందా అని మర్యాదగా కనుక్కోండి. రాత్రంతా బండి నడిపి వచ్చిన మనిషిని తెల్లవారుజామున హైవే ఎక్కించడం మంచిది కాదు. ఉందంటే వేరే డ్రైవర్‌ని పంపమని నిర్మొహమాటంగా అడగండి.

డ్రైవర్ కాక నలుగురు దాటితే పెద్ద బండి తీసుకోండి. చిన్న కారులో ఆరుగురు ఇరుక్కుంటే కొండ ఎక్కే ముందే మోకాళ్ళు పట్టేస్తాయి.

3. ముందురోజు రాత్రి సర్దుకోవాల్సినవి

- మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్ళు, ఇంటి నుంచే. చిన్న సీసాలు వద్దు, ఒక క్యాన్ పెట్టుకుని గ్లాసులు తీసుకోండి.
- పులిహోర, చెక్కలు, అరటిపళ్ళు. మజ్జిగ విడిగా, మూత గట్టిగా ఉన్న సీసాలో.
- వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు. గట్టు మీద బురద, కొండ మీద గరుకు రాయి. హవాయి చెప్పులు రెండుచోట్లా పనికిరావు.
- టోపీ, పల్చటి పొడుగు చేతుల చొక్కా. చెరువు మీదికి మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు మంచివి.
- బైనాక్యులర్ ఉంటే తప్పకుండా. లేకపోతే బంధువుల్లో ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.
- టార్చిలైటు. పగటి ప్రయాణానికి ఇదెందుకంటారేమో, గుహల లోపల అవసరం.
- పిల్లలుంటే వాళ్ళ కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు. ఊళ్ళో ఈత నేర్పేవాళ్ళ దగ్గర అడిగి చూడండి.
- చిల్లర డబ్బు. పది, ఇరవై, యాభై నోట్లు.
- చెత్త వేసుకోవడానికి రెండు సంచులు.
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బ్యాండేజి, రోజూ వేసుకునే మందులు.

బాత్రూం విషయం సూటిగా చెబుతాను, ఆడవాళ్ళకు ఇదే పెద్ద టెన్షన్. చెరువు దగ్గర, కొండ దగ్గర నమ్ముకోదగ్గ ఏర్పాటు ఉంటుందని అనుకోవద్దు. వెళ్ళేటప్పుడు హైవే మీద పెట్రోలు బంకులో ఒకసారి, అనకాపల్లిలో టిఫిన్ చేసే హోటల్లో ఒకసారి, భోజనం దగ్గర ఒకసారి ఆగేలా ముందే డ్రైవర్‌కి చెప్పండి. దీనికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తే ఎండకు తలనొప్పి ఖాయం.

4. బయల్దేరడం: ఐదు అంటే ఐదే

చలికాలంలో విశాఖలో సూర్యోదయం ఆరుంబావు, ఆరున్నర మధ్య. ఆ వేళకు మనం గట్టు మీద ఉండాలి. మద్దిలపాలెం ప్రాంతం నుంచి ఐదుకు కదిలితే ఎన్‌ఏడీ కూడలి, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా ఖాళీ రోడ్డు మీద అనకాపల్లి చేరతాం. అక్కడి నుంచి మునగపాక, హరిపాలెం వైపు రోడ్డు పట్టుకుంటే కొండకర్ల.

ఫోన్‌లో మ్యాప్ ఒక్కోసారి పరవాడ, అచ్యుతాపురం దారి చూపిస్తుంది. అటు ఫార్మాసిటీ, సెజ్ కంపెనీల బస్సులు, లారీలు. షిఫ్టు మారే వేళ చిక్కుకుంటే సూర్యోదయం కారులోంచే చూడాలి. అనకాపల్లి దారే వెళ్ళండి. ఎలాగూ చెరువు తర్వాత కొండకు అనకాపల్లికే రావాలి కాబట్టి డ్రైవర్‌కి ఆ రోడ్డు అలవాటవుతుంది కూడా.

ఒక గంట ఆలస్యమైతే ఏమవుతుందని అడగొచ్చు. ఆరు దాటాక గాజువాక ట్రాఫిక్ మొదలవుతుంది, చెరువుకు చేరేది ఎండెక్కాక, కొండకు ఇంకా పొద్దెక్కాక. అప్పటికి రాయి కాలుతుంటుంది. గంట ఆలస్యం మూడింటినీ పాడుచేస్తుంది.

5. కొండకర్ల ఆవ: రెండు గంటలు

ఆంధ్రప్రదేశ్‌లో సహజమైన మంచినీటి సరస్సుల్లో కొల్లేరు తర్వాత చెప్పుకునేది ఈ ఆవనే. చుట్టూ కొండలు, నీళ్ళ మీద తామరలు, కలువలు, మధ్యలో గుర్రపుడెక్క దట్టంగా. చేరగానే పడవ ఎక్కేయాలని తొందరపడకండి.

మొదటి పావుగంట గట్టు మీదే నిలబడండి. ఎవరూ మాట్లాడొద్దని పిల్లలకు ముందే చెప్పండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా చూసుకోండి, ఎదురెండలో ప్రతి పక్షీ నల్లటి మచ్చలా కనిపిస్తుంది. కొంగలు, నీటికాకులు, నీటికోళ్ళు, బాతులు, కంపల మీద లకుముకి పిట్టలు. మొదట అంతా ఒకేలా ఉంటుంది. కాసేపటికి కళ్ళు అలవాటుపడి నాచు మీద నడిచేది వేరు, మునిగి తేలేది వేరు, కదలకుండా కాపు కాసేది వేరు అని విడిపోతుంది. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. ఏది ఏం చేస్తోందో చూడండి, పేరు ఇంటికొచ్చాక వెతుక్కోవచ్చు.

తర్వాత దోనె. ఇక్కడ తాటిమాను తొలిచి చేసిన దోనెల్లో తిరగడమే అసలు సంగతి. మనలాంటివాళ్ళను ఎక్కించుకోవడానికి రెండేసి దోనెలను జతగా కడతారు. నడిపేవాళ్ళు ఈ నీళ్ళలో చేపలు పట్టి బతికే ఊరివాళ్ళు. బేరం ఎక్కేముందే తేల్చుకోండి: "అన్నా, ఎంతసేపు తిప్పుతారు, మనిషికా దోనెకా?" ఈ రెండూ స్పష్టమైతే దిగాక మాటామాటా రాదు. మరీ గీచి గీచి బేరమాడకండి. తెల్లవారుజాము చలిలో మనకోసం నీళ్ళ మీదికి వచ్చిన మనిషి.

ఎక్కేటప్పుడు పాటించాల్సినవి:

- ఒక్కొక్కరే ఎక్కాలి, నడుం వంచి, దోనె మధ్యలో కాలు పెట్టి. అంచు మీద బరువు వేస్తే ఒరిగిపోతుంది.
- బరువు రెండు వైపులా సమంగా ఉండేలా ఎవరెక్కడ కూర్చోవాలో నడిపే అన్న చెప్పినట్టు వినండి.
- కూర్చున్నాక లేవకూడదు. ఫోటో కోసమైనా సరే.
- లైఫ్ జాకెట్ లేని పిల్లలను ఎక్కించొద్దు. నీళ్ళు లోతు తక్కువని ఎవరన్నా సరే, నాచు, తీగలు కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళకూ కష్టమే.
- ఫోన్‌కు మెడలో తాడు.
- తామరపూలు కొయ్యొద్దు, కోసివ్వమని అడగొద్దు.

గాలి మొదలై నీళ్ళు కదులుతుంటే దోనె వద్దు. ఆ రోజుకు గట్టు మీద నడక చాలు. నిజానికి గట్టు వెంట నెమ్మదిగా నడిచేవాళ్ళకే పక్షులు దగ్గరగా కనిపిస్తాయని నా నమ్మకం, దోనె దగ్గరికి రాగానే సగం లేచిపోతాయి. పిట్టలు లేచిపోయాయని గుంపు వైపు ఇంకా దగ్గరికి పోనివ్వమని అడగకండి. వేల మైళ్ళు ఎగిరి వచ్చినవి వాటిలో ఉంటాయి, మన ఫోటో కోసం వాటిని పదేపదే లేపకూడదు.

పక్షుల దగ్గర బిస్కెట్లు విసరడం, పాటలు పెట్టడం, ప్లాస్టిక్ ప్లేట్లలో అక్కడే టిఫిన్లు తినడం, ఈ మూడూ వద్దు. టిఫిన్ అనకాపల్లిలో. ఎనిమిదింబావుకల్లా కారెక్కాలి.

6. టిఫిన్, ఆపైన శంకరం

కొండకర్ల నుంచి అనకాపల్లి అరగంట పైన. టిఫిన్‌కు ఇడ్లీ, పెసరట్టు ఏదైనా తినండి కానీ పొట్ట నిండా ఉప్మా, పూరీ లాగించి మెట్లెక్కితే ఆయాసం. అనకాపల్లి దాటాక రెండు మూడు కిలోమీటర్లలో శంకరం గ్రామం. అక్కడే పక్కపక్కన రెండు కొండలు: తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. తొమ్మిదింబావు, తొమ్మిదిన్నరకు కింద ఉంటే బాగుంటుంది.

7. బొజ్జన్నకొండ: దేన్ని, ఏ వరసలో చూడాలి

ఈ రోజు మొత్తంలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, జనం ఎక్కువగా పాడుచేసుకునేదీ ఇదే. మెట్లెక్కి, గుహ ముందు సెల్ఫీ దిగి, ఇరవై నిమిషాల్లో దిగిపోతారు. ఇక్కడ కనీసం గంటంబావు గడపాలి.

మొదట కింద. కొండ అడుగున హారీతి విగ్రహం ఉంది. పిల్లలను కాపాడే దేవతగా బౌద్ధులు కొలిచిన తల్లి. చాలామంది చూడకుండానే పైకి పోతారు. ముందు ఇక్కడ ఆగండి.

తర్వాత గుహలు. కొండలో ఆరు తొలిచారు, కొన్నిటిలో చెక్కిన బొమ్మలున్నాయి. అన్నిటికంటే పెద్ద గుహ వాకిలికి రెండు వైపులా నిలువెత్తు ద్వారపాలకులు. లోపలికి వెళ్ళగానే కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా ఒక నిమిషం ఆగండి, తర్వాత టార్చి వెయ్యండి. వరసకు నాలుగు చొప్పున పదహారు స్తంభాలు, వాటి నడుమ చదరపు పీఠం మీద రాతి స్తూపం. స్తంభాలు, స్తూపం, పైకప్పు ఏవీ బయటి నుంచి తెచ్చి పెట్టినవి కావు. కొండనే లోపల ఖాళీ చేస్తూ, కావలసినంత రాయి వదిలేశారు. విరిగిన స్తంభాల పైముక్కలు కప్పుకు వేలాడుతుంటే అదెలా నిలిచిందని పిల్లలు అడుగుతారు. కప్పూ స్తంభమూ ఒకటే రాయి కాబట్టి.

అక్కడే తలెత్తి చూడండి. స్తూపానికి సరిగ్గా పైన కప్పు మీద గొడుగు ఆకారం చెక్కి ఉంటుంది. ఒకప్పుడు కింది స్తూపానికీ ఆ గొడుగుకూ సంబంధం ఉండేది, మధ్యది విరిగిపోయింది. ఇది తెలియకపోతే ఎవరూ పైకి చూడరు.

పై అంతస్తు గుహలో బుద్ధుడు కూర్చుని ఉంటాడు. అక్కడి నుంచి ఇంకా పైకి వెళితే కొండ నెత్తి మీద పెద్ద స్తూపం, చుట్టూ భక్తులు మొక్కుకుని కట్టించిన చిన్న చిన్న స్తూపాలు, భిక్షువులు ఉన్న గదుల ఇటుక పునాదులు. ఇటుకల గోడలు మోకాలెత్తు కూడా ఉండని చోట చాలామందికి ఏమీ కనిపించదు. ఒక పని చేయండి. ఒక గది మూలలో నిలబడి నాలుగు గోడలూ కళ్ళతో కలుపుకోండి, వాకిలి ఎక్కడుందో వెతకండి, పక్క గది ఎంత దగ్గరో చూడండి. ఒక మనిషి పడుకోవడానికి సరిపడే గది. వరుసగా అలాంటివి. అప్పుడు అదొక హాస్టల్‌లా కనిపించడం మొదలవుతుంది.

1907-08లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు బయటపడ్డాయి. ఈ మాట పిల్లలకు కొండ మీద ఉండగానే చెప్పండి. గంగా తీరంలో ఏలిన రాజు నాణెం శంకరం దాకా ఎలా వచ్చి ఉంటుందో వాళ్ళనే ఊహించమనండి. సాయంత్రం మ్యూజియంలో నాణేల ముందు నిలబడ్డప్పుడు ఈ ప్రశ్న పనికొస్తుంది.

లింగాలకొండ ఎక్కాలా? ఓపిక ఉంటే తప్పకుండా. గట్టు పొడవునా రాతినే వరసలు వరసలుగా స్తూపాలుగా చెక్కారు. దూరం నుంచి లింగాల్లా కనిపిస్తాయి. పదకొండు దాటి, నీళ్ళు తగ్గి, ఎవరైనా నీరసపడి ఉంటే మాత్రం బొజ్జన్నకొండ పై నుంచే చూసి దిగిపోండి.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు: గుహల దాకా ఎక్కి నీడలో కూర్చుంటే చాలు, అసలైన శిల్పం అక్కడే ఉంది. పై స్తూపానికి మిగతావాళ్ళు వెళ్ళి రావచ్చు. వాళ్ళ దగ్గర ఒకరు ఉండాలి, నీళ్ళ సీసా ఉండాలి. దిగేటప్పుడు మెట్ల మీద పక్కకు తిరిగి దిగితే మోకాళ్ళకు తేలిక.

ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. పేర్లు చెక్కడం, ఇటుక ముక్క జేబులో వేసుకోవడం, చిన్న స్తూపాల మీద ఎక్కి కూర్చోవడం తప్పే కాదు, నేరం కూడా. రక్షిత కట్టడానికి హాని చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా చట్టంలో ఉంది. పిల్లలు స్తూపం మీదికి ఎగబాకుతుంటే ముచ్చటపడి ఫోటో తియ్యకండి, దింపండి. పద్నాలుగు, పదిహేను వందల ఏళ్ళు ఎండకూ వానకూ ఓర్చుకున్న రాయి మన చెప్పుల రాపిడికి అరగడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. డ్రోన్, కెమెరా స్టాండు అనుమతి లేకుండా వాడొద్దు.

8. అనకాపల్లిలో భోజనం, బెల్లం

పదకొండున్నరకు కొండ దిగి అనకాపల్లిలో భోజనం. మీల్స్ దొరికే ఏ హోటలైనా సరే, పన్నెండున్నర రద్దీకి ముందు కూర్చోండి.

అనకాపల్లి దాకా వచ్చి బెల్లం కొనకుండా ఎవరూ వెళ్ళరు. కొనేటప్పుడు ఒక్క సంగతి: నిగనిగలాడే లేత పసుపు దిమ్మె చూసి మురిసిపోకండి. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపిన బెల్లం అలా ఉంటుంది. ముదురు గోధుమరంగు, కాస్త నల్లగా ఉన్నది అడగండి. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పదనం తగలకూడదు. సంక్రాంతి ముందు నుంచి ఉగాది దాకా కొత్త బెల్లం. మాడుగుల హల్వా కూడా ఇక్కడ దొరుకుతుంది. ఈ కొనుగోళ్ళకు అరగంట మించొద్దు, ఒంటి గంటకు కారు కదలాలి.

9. మ్యూజియం: అలసిపోయాక చూడటం ఎలా

తిరుగు దారిలో అందరూ నిద్రపోతారు. పోనివ్వండి. ముందు సీట్లో కూర్చున్న ఒకరు మాత్రం మేలుకుని డ్రైవర్‌తో మాట్లాడుతూ ఉండాలి. తిన్న వెంటనే అతనికీ కళ్ళు మూతలు పడతాయి. రెండున్నరకు ఊళ్ళోకి వస్తే ఒక టీ, ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోవడం, మూడున్నరకు బీచ్‌రోడ్డులో విశాఖ మ్యూజియం.

ఇది పాత డచ్చి బంగళా. 1991 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. కళింగాంధ్ర ప్రాంతపు ఆయుధాలు, నాణేలు, జమీందారీ కాలపు సామాన్లు, దుస్తులు, చిత్తరువులు, పాత పటాలు, ఓడలూ సముద్రానికి సంబంధించినవీ ఉన్నాయి. బౌద్ధ శిల్పాలతో నిండిన మ్యూజియం అనుకుని వెళితే నిరాశపడతారు. పొద్దున చూసిన కొండ తర్వాతి కథ, అంటే ఈ తీరానికి ఎవరెవరు వచ్చారు, ఎవరు ఏలారు, ఏం వదిలి వెళ్ళారు అన్నది ఇక్కడ చూడాలి. కొండ మీద రాయి ఉంది, పక్కన చీటీ లేదు. ఇక్కడ చీటీ ఉంది, ఆ వస్తువు పుట్టిన ఇల్లు లేదు.

ప్రతి అద్దాల పెట్టె ముందూ ఆగితే అరగంటలో కాళ్ళు పీకుతాయి. ఇలా చేయండి:

- మొదట ఆగకుండా ఒక చుట్టు, పది నిమిషాలు. ఏమేం ఉన్నాయో చూడటానికి మాత్రమే.
- బయట కూర్చుని ఎవరికి ఏది నచ్చిందో అడగండి. మనిషికి ఒకటి.
- రెండో చుట్టులో ఆ నాలుగైదు వస్తువుల దగ్గరే ఆగండి. చీటీ చదవండి, ఒకరు మిగతావాళ్ళకు చెప్పండి.
- నాణేల దగ్గర పొద్దుటి ప్రశ్న గుర్తు చేయండి.
- రెండో ప్రపంచయుద్ధంలో జపాన్‌వాళ్ళు వేసిన, పేలకుండా మిగిలిన బాంబు దగ్గర పిల్లలకు 1942 ఏప్రిల్ 6 గురించి చెప్పండి. ఆ రోజు విశాఖ మీద బాంబులు పడ్డాయి. ఇంట్లో తొంభై దాటిన పెద్దలుంటే, వాళ్ళ చిన్నతనంలో జనం ఊరు విడిచి పల్లెలకు పోయిన సంగతి వాళ్ళనే అడిగి చెప్పించుకోండి.

ఫోటోలకు అనుమతి ఉందో లేదో టికెట్ దగ్గరే అడగండి. బెల్లం సంచులు కారులోనే ఉంచండి.

10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

*నాలుగో చోటు కలపడం.* అదే బీచ్‌రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్, దానికి ఎదురుగా విమానం మ్యూజియం. "ఎలాగూ వచ్చాం కదా" అని మావయ్య అంటారు, పిల్లలు గెంతుతారు. ఊళ్ళోనే ఉన్నవి కాబట్టి ఇంకో ఆదివారం వెళ్ళొచ్చు. బయటి ఊరి చుట్టాలైతే మర్నాడు పొద్దున పెట్టుకోండి.

*వరస తిప్పడం.* ముందు మ్యూజియం చూసి తర్వాత బయల్దేరితే, కొండకు మిట్టమధ్యాహ్నం చేరతారు. వద్దు.

*మ్యూజియం అనుకోకుండా మూసి ఉండటం.* అప్పుడు భీమిలి రోడ్డు మీద తొట్లకొండకు వెళ్ళండి. ఊరి నుంచి సుమారు 16 కిలోమీటర్లు, కారు దాదాపు పైదాకా వెళుతుంది, సాయంత్రం ఎండ చల్లబడ్డాక సముద్రం కనిపిస్తూ చక్కగా ఉంటుంది. అదీ బౌద్ధ స్థలమే, 1988 నుంచి కొన్నేళ్ళపాటు తవ్వి తీశారు. బొజ్జన్నకొండ గుహలు రాతిని తొలిచినవి, ఇది ఇటుకా రాయీ పేర్చి కట్టింది. రెండూ ఒకే రోజు చూస్తే తేడా బాగా తెలుస్తుంది. కారు మాట్లాడేటప్పుడే ఈ సంగతి చెప్పి పెట్టుకుంటే అదనపు కిలోమీటర్ల పేచీ రాదు.

*ఆలస్యంగా బయల్దేరడం.* ఏడు దాటిపోతే చెరువును వదిలేయండి. నేరుగా శంకరం వెళ్ళి, కొండ తీరుబడిగా చూసి, మ్యూజియంతో ముగించండి. చెరువుకు ఇంకో తెల్లవారుజాము పెట్టుకోండి.

*ఎండదెబ్బ లక్షణాలు.* తల తిరగడం, వికారం. వెంటనే గుహ నీడలోకి తీసుకెళ్ళి తడిగుడ్డతో మెడ, చంకలు తుడిచి, గుటకలు గుటకలుగా ఓఆర్ఎస్ పట్టండి. పది నిమిషాల్లో తేరుకోకపోతే, లేదా చెమట ఆగిపోయినా మాట తడబడినా వెంటనే, కొండ ఆపేసి అనకాపల్లిలో ఆసుపత్రికి. 108 గుర్తుంచుకోండి.

11. ఫోన్‌లో దాచుకోవడానికి రోజు పట్టిక

- 4:45 కారు ఇంటి ముందు
- 5:00 బయల్దేరడం
- 6:15 కొండకర్ల ఆవ, గట్టు మీద
- 6:35 దోనె
- 7:30 గట్టు వెంట నడక
- 8:15 కారెక్కడం, అనకాపల్లిలో టిఫిన్
- 9:30 బొజ్జన్నకొండ: హారీతి, గుహలు, పై స్తూపం
- 10:45 ఓపికుంటే లింగాలకొండ
- 11:30 దిగడం
- 11:45 అనకాపల్లిలో భోజనం, బెల్లం
- 1:00 తిరుగు ప్రయాణం
- 2:30 ఊళ్ళో విరామం
- 3:30 విశాఖ మ్యూజియం
- 5:00 బీచ్‌రోడ్డు, కారు లెక్క చూసి పంపేయడం

కారు పంపేముందు సీట్ల కింద, డిక్కీలో ఒకసారి చూడండి. బైనాక్యులర్లు, పిల్లల టోపీలు ఎక్కువగా మిగిలిపోయేది అక్కడే. డ్రైవర్ పొద్దున నాలుగింటికి లేచిన మనిషి, లెక్క తేల్చడంలో అతన్ని నిలబెట్టకండి. మెసేజ్‌లో రాసుకున్న ధర చూపించి ఇచ్చేయండి. మీతో పాటు అతనూ టిఫిన్, భోజనం చేశాడో లేదో మధ్యమధ్యలో కనుక్కుని ఉంటే, వచ్చే నెల తొట్లకొండకో తాటిపూడికో పిలిచినప్పుడు అదే మనిషి సంతోషంగా వస్తాడు.